ఇరవై ఒక్క కిలోమీటర్ల మొక్కు

మా అన్న మొక్కుకున్నది దేవుడికి కాదు. బెంగళూరులో ఒక ఆసుపత్రి గోడకు అంటించిన రంగుల కాగితానికి.

అన్న కూతురికి అప్పుడు ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచీ గుండెలో రంధ్రం. నాలుగడుగులు పరిగెత్తితే పెదాలు నీలంగా మారేవి. ధర్మవరంలో కూలికి పట్టుచీరలు నేసే మనిషి అంత పెద్ద ఆపరేషన్ మాట ఎత్తడానికే భయపడేవాడు. చివరికి ఎవరో చెబితే బెంగళూరులో ఒక ధర్మ సంస్థకు అర్జీ పెట్టాం. ఖర్చంతా వాళ్లే పెట్టుకున్నారు. పొద్దున ఎనిమిదింటికి పాపను లోపలికి తీసుకుపోయారు. బయట వరండాలో అన్న, వదిన, నేను మిగిలాం.

పదకొండైంది, పన్నెండైంది. లోపలి నుంచి ఒక్క కబురూ లేదు. అన్న కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూ గోడమీదున్న ఆ కాగితం ముందు ఆగాడు. అందులో జనం గుంపుగా నడుస్తున్న బొమ్మ ఉంది. అన్నకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. ఏమని రాశారో చదవమన్నాడు. ఇలాంటి పిల్లల ఆపరేషన్ల కోసమే ఆ సంస్థ ఏటా ఒక నడక పెడుతుందనీ, మొత్తం ఇరవై ఒక్క కిలోమీటర్లనీ, పరిగెత్తేవాళ్లు పరిగెత్తవచ్చు, నడిచేవాళ్లు నడవవచ్చనీ, మనిషికి ఇంతని దాతలు డబ్బు వేస్తారనీ చదివి చెప్పాను. ఎవరైనా నడవవచ్చా అని అడిగాడు. ఎవరైనా, అన్నాను.

అన్న ఆ కాగితానికి చేతులు జోడించాడు.

"పాప బతికి బయటికొస్తే నేను నడుస్తా. చెప్పుల్లేకుండా, ఒక్కపొద్దుండి నడుస్తా."

నాకు నవ్వొచ్చింది. అట్ట కాగితానికి మొక్కేమిటని ఏదో అనబోతే వదిన నా మోచెయ్యి గట్టిగా గిచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక డాక్టరు బయటికొచ్చి పాప బాగుందని చెప్పాడు. అన్న మొదట చూసింది డాక్టరు వైపు కాదు, గోడ వైపు. ఆ చూపు నేను గమనించాను. సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

నా గురించి కొంచెం చెప్పాలి. ఇది రెండు వేలు దాటిన తొలి సంవత్సరాల మాట. నేను హిందూపురంలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరును. ముప్ఫై దాటినా పెళ్లి కాని ఆడదాన్ని. నా నోటికి జడవని వాళ్లు మా ఇంట్లోనూ లేరు, స్టాఫు రూములోనూ లేరు. పిల్లలకు దయ్యాల్లేవని చెబుతాను, గ్రహణం రోజు పిలిచి మరీ అన్నం పెడతాను. నాయన పోయేనాటికి అన్నకు పద్నాలుగేళ్లు, నాకు ఏడు. ఆ నెలే బడి మాని మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. పగలంతా గుంతలోని మగ్గం కట్టెలు తొక్కి నన్ను డిగ్రీ చదివించాడు, బీఈడీ చదివించాడు. నా చదువంతా ఆ కాళ్లమీదే నడిచింది. అందుకే అన్న కాళ్ల గురించి రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అదే ఆసుపత్రిలో, పాప కోలుకుంటుండగా, వెంట వచ్చినవాళ్లకు ఊరికే రక్తపరీక్ష చేశారు. అన్నకు చక్కెర జబ్బుందని తేలింది. కొత్తగా వచ్చింది కాదు, చాలా ఏళ్ల నుంచి ఉండి ఉంటుందన్నారు. రెండు రకాల మాత్రలిచ్చి రోజూ వేసుకోమన్నారు. వేసుకున్నాడు కూడా. అయితే అన్నకు శనివారం ఒక్కపొద్దు ఉండటం అలవాటు. ఆపరేషన్ తర్వాత గురువారం కూడా మొదలుపెట్టాడు. మా ఇంటి పద్ధతిలో ఒక్కపొద్దంటే పొద్దు గుంకేదాకా నీళ్లు తప్ప నోట్లో ఏమీ పడకూడదు. మాత్ర మింగినా ఎంగిలే, ఒక్కపొద్దు చెడిపోయినట్టే. అట్లా వారానికి రెండు రోజులు మాత్ర లేదు. తర్వాత ఇంకో రోజు మరిచిపోయేవాడు. తర్వాత వదిన మెంతులు నానబెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది, మాత్రల పొట్లం దేవుడి గూట్లో దుమ్ముపట్టింది. నేను అరిస్తే అన్న నవ్వేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నాకు నొప్పి ఉందా, మంట ఉందా, మాత్ర ఎందుకంటాడు.

మరుసటి ఏడు వానాకాలంలో నడక ఫారాలు మా స్కూలు అడ్రసుకు వచ్చాయి. రెండు తెప్పించాను. నగరం దారులు తెలియని మనిషిని ఒంటరిగా పంపలేక నేనూ నడుస్తానన్నాను. పేరు, వయసు, రక్తం గ్రూపు రాసుకుంటూ పోతే కింద ఒక ప్రశ్న ఉంది. చక్కెర, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నాయా? ఉంటే డాక్టరు రాసిచ్చిన లెటరు జతచేయాలి. ధర్మవరంలో అన్న ఇంటి ఎదుటివాళ్ల ఫోనుకు చేసి పిలిపించాను. ఉందని రాస్తే రానియ్యరా అని అడిగాడు. డాక్టరు ఒప్పుకుంటే రానిస్తారన్నాను. మొక్కుకు డాక్టరు ఒప్పుకునేదేమిటి, లేదని రాయమన్నాడు.

ఆ వారమే తొమ్మిదో తరగతికి క్లోమం పాఠం చెప్పాను. బోర్డు మీద పసుపు సుద్దతో బొమ్మ వేసి, ఇన్సులిన్ తగ్గితే నరాలు ఎట్లా మొద్దుబారతాయో, పుండు పడితే ఎందుకు మానదో ఒక్కొక్కటీ రాయించాను. సాయంత్రం ఇంటికొచ్చి అన్న ఫారంలో 'లేదు' అన్నచోట టిక్కు పెట్టాను.

ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. నేనే చెబుతున్నాను. మా అవ్వ చిన్నప్పుడు మాకొక కథ చెప్పేది. మా ముత్తాత తమ్ముడొకాయన కొడుకు జబ్బు నయమైతే కొండకు నడిచొస్తానని మొక్కుకున్నాడట. కొడుకు లేచి తిరిగాడు. ఆయన నడక మొదలుపెట్టాడు. సగం దారిలో కాళ్లు పుండ్లయితే వెంట నడుస్తున్న చెల్లెలు చూడలేక, చాలులే అన్నా, బండెక్కు అందట. ఆయన బండెక్కాడు. ఇంటికొచ్చేసరికి కొడుకు లేడు. మొక్కుకు అడ్డం పలికిన నోటికే ఆ పాపమంతా, అని అవ్వ ప్రతిసారీ అదే మాటతో ముగించేది. ఆ కథను నేను నమ్మలేదు. నమ్మలేదని పదిమందిలో చెప్పేదాన్ని. కానీ ధర్మవరం పోయినప్పుడు, పక్కన నిద్రపోతున్న మేనకోడలి రొమ్ము మీద కుట్ల గీత చూసినప్పుడల్లా ఆ చెల్లెలు గుర్తొచ్చేది.

ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పెనుకొండలో అభ్యాసం పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున అన్న ధర్మవరం నుంచి ప్యాసింజరులో దిగేవాడు. నేను హిందూపురం నుంచి మొదటి బస్సు పట్టుకునేదాన్ని. కొండ వారగా ఊరు దాటి, పెద్ద రోడ్డెక్కి, సోమందేపల్లి వైపు కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ పోయి వెనక్కి రావాలి. మొదటి వారం ఆరు కిలోమీటర్లు. తర్వాత ఎనిమిది, పది. అన్న చెప్పులు విప్పి గుడ్డ సంచిలో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచేవాడు. ఆదివారం కూడా ఒక్కపొద్దే, మొక్కు నడకను ఎట్లా నడవాలో అభ్యాసమూ అట్లాగే చేయాలంటాడు. నేను హిందూపురం బజారులో కొన్న తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని చుడీదార్‌లో వెనక రొప్పుతూ నడిచేదాన్ని. చెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు నడుము మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని వింతగా చూసేవాళ్లు. యాడికి పోతాండారని ఒకామె అడిగితే, యాడికీ లేదు, పోయి వస్తామని అన్న చెప్పాడు. వాళ్లు చాలాసేపు నవ్వారు.

రెండో వారానికే నా మడమలు బొబ్బలెక్కాయి. దూది పెట్టుకుని నడిచాను. అన్న పాదాలకు ఏమీ కాలేదు, నొప్పి అన్న మాటే లేదు. నాకు అసూయ కలిగింది, నిజం. పాతికేళ్లు మగ్గం తొక్కిన కాళ్లమ్మా, పండిపోయినాయి, అనేవాడు. మొక్కు మహిమ అని వదిన ధర్మవరం వీధంతా చెప్పుకుంది. చెప్పుల్లేకుండా రోడ్డు మీద నడిచినా ఆయనకు ముల్లు గుచ్చుకోదంట, ఎండ కాలదంట. నేను కూడా కొంచెం నమ్మడం మొదలుపెట్టాను. చదువుకున్న దాన్ని కనుక దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాను.

ఒక ఆదివారం పదకొండు గంటల ఎండలో బస్సు కోసం నిలబడ్డాం. కొత్తగా తారు పోసిన చోటు. నా బూటు అడుగులు మెత్తబడి అతుక్కుంటున్నాయి. అన్న అదే తారు మీద ఉత్తకాళ్లతో పావుగంట నిలబడి జరీ రేట్ల గురించి మాట్లాడాడు. బస్సెక్కేటప్పుడు కాలెత్తితే అరికాలికి నల్లగా తారు పట్టి ఉంది. కాలలేదా అంటే ఏది కాలాలని నన్నే అడిగాడు.

మరో వారం ఒంటి చెప్పుతో రైలు దిగాడు. కుడికాలి చెప్పు లేదు. ఎక్కడ పోయిందో ఆయనకు తెలియదు. కాలికి చెప్పు లేదన్న సంగతే నేను చూపిస్తే చూసుకున్నాడు. రైల్లో ఎవరి కాళ్ల కిందో జారిపోయి ఉంటుంది. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద నిలబడి కడుపు పట్టుకుని నవ్వాం. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. చెప్పు జారినా ఆ కాలికి ఎందుకు తెలియలేదో జవాబు నా పాఠ్యపుస్తకంలోనే ఉంది, పేజీ కూడా నాకు తెలుసు.

దూరం పెరిగాక మేము వెనక్కి తిరిగే చోట ఒక అవ్వ టీ కొట్టు పెట్టుకుంది. నాలుగు గుంజలు, పైన కొబ్బరి మట్టలు. అన్న ఒక్కపొద్దు కనుక టీ తాగడు, నేను తాగేదాకా బల్ల మీద కూర్చుంటాడు. కంప చెట్ల మధ్య ఉండే కొట్టు కావడంతో గొర్రెలు తోలేవాళ్లు ముల్లు తీయించుకోవడానికి ఆ అవ్వ దగ్గరికే వచ్చేవాళ్లు. చీర కొంగుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. ఆ రోజు అన్న కాలెత్తి బల్ల మీద పెట్టుకుంటే అరికాల్లో నల్ల చుక్క అవ్వ కంటబడింది. ముల్లుండాదప్పా, తీస్తానుండు, అని కాలు తన ఒళ్లో పెట్టుకుంది. పిన్నీసు దించింది. ఇంకొంచెం దించింది. అన్న నాతో ఏదో చెబుతూనే ఉన్నాడు, ధర్మవరంలో కొత్త డిజైను గురించో ఏమో. అవ్వ చెయ్యి ఆగింది. అన్న ముఖం వైపు చూసింది.

"ఏమప్పా, నొప్పి లేదా?"

"లేదవ్వా. తియ్యి."

అవ్వ పిన్నీసు బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది. అందినంత ముల్లు తీశానంది. తర్వాత నన్ను కొట్టు వెనక్కి పిలిచి నేల చూపించింది. అంతకుముందు అన్న ఒంటికి పోయి వచ్చిన చోట ఎర్రచీమలు ముసురుకుని ఉన్నాయి.

"మా ఇంటాయనకూ ఇట్లే పట్టినాయి. నొప్పి తెలీని కాలు మంచిది కాదు తల్లీ. మీయన్నను నడిపించొద్దు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మొక్కున్న మనిషి గురించి ఇట్లాంటి మాట అనొచ్చా, టీ కాచుకునే దానివి నువ్వు డాక్టరువా అని గట్టిగా అడిగేశాను. అవ్వ పొయ్యిలోకి ఇంకో కంప తోసింది. ఆ తర్వాతి వారం నుంచి ఆ కొట్టుకు ఒక కిలోమీటరు రాయి ముందే వెనక్కి తిరుగుదామన్నది నేనే. ఎందుకని అన్న అడగలేదు. నేను తిట్టాల్సిన మనిషి ఆమె కాదని తిట్టేటప్పుడే తెలుసు.

నడక ఇంకో మూడు వారాలుందనగా మొక్కు కట్టుకోవాలి. అది మా ఇంటి ఆచారం. ఇంటి ఆడపడుచు నడిచే మనిషి కాళ్లు పసుపునీళ్లతో కడిగి, పాదాలకు పసుపు రాసి, చీలమండకు దారం కట్టాలి. అక్కడి నుంచి మొక్కు కూర్చున్నట్టు లెక్క, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. అంతకుముందు ఆదివారమే ఇద్దరం పద్దెనిమిది కిలోమీటర్లు నడిచాం. ఆడపడుచును నేనే కనుక ధర్మవరం వెళ్లాను.

పెరట్లో బట్టలుతికే బండ మీద అన్న కూర్చున్నాడు. వదిన లోపల పొంగలి పెడుతోంది. పాప మా పక్కనే గొంతుక్కూర్చుని చెంబులో పసుపు కలుపుతోంది. ఎడమకాలు కడిగాను. కుడికాలు ఎత్తి అరికాలు తిప్పేసరికి ముందు వాసన తగిలింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంత. అంచులు తెల్లగా, నాని ఉబ్బిపోయి ఉన్నాయి. మధ్యలో ఏదో నల్లగా ఉంటే గోరుతో పట్టి లాగాను. సగం వేలు పొడవు కంపముల్లు ముక్క వచ్చింది, దాని వెనక చీము. నేను అంత లోతు నుంచి ముల్లు లాగుతుంటే అన్న పాపకు ఏదో పొడుపుకథ చెబుతున్నాడు. కాలు కదలలేదు.

తర్వాత నా ముఖం చూశాడు. కాలు తిప్పి తనూ చూసుకున్నాడు. పాపను లోపలికి పోయి ఇంకొంచెం పసుపు తెమ్మన్నాడు. పాప లేవలేదు, ఇంకా పసుపు ఉందిగా అంది.

నేను గొంతు తగ్గించి, ఇది రేపే డాక్టరుకు చూపించాలన్నాను. చూపిస్తే నడవొద్దంటారన్నాడు. అంటే అననీ అన్నాను. ఆయనకు ఎప్పుడూ కోపం రాదు. అప్పుడూ రాలేదు.

"మీ వదినకు చెప్పొద్దమ్మా. మూడు వారాలే గదా."

"అన్నా, ఇది మానే పుండు కాదు."

"అయితే నువ్వే చెప్పు. నడవొద్దని నీ నోటితో చెప్పు, ఈడికి నిలిపేస్తా. డాక్టరు మాటకు నిలపను, నీ మాటకు నిలుపుతా."

నేనెప్పుడూ మాట కోసం వెతుక్కున్న మనిషిని కాను. హెడ్మాస్టరును నిలదీశాను, మంత్రాలు వేస్తానన్న మనిషిని వీధిలో నిలబెట్టి కడిగేశాను. ఆ రోజు ఒక్క మాట చాలు. వద్దు అంటే చాలు. ఆయన నిలిచిపోయేవాడు, నా మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. నోరు తెరిచాను. పాప వంగి నేలమీద పసుపునీళ్లతో గీతలు గీస్తోంది. గౌను మెడ జారి కుట్ల గీత పైకొస కనబడింది. ఇంకా కొంచెం గులాబీ రంగులోనే ఉంది. రేపు ఆ పిల్లకు జ్వరమొచ్చినా, తల తిరిగి పడినా, వదిన నన్నెట్లా చూస్తుందో, నేను నన్నెట్లా చూసుకుంటానో అంతా ఒక్కసారి కళ్లకు కట్టింది. నా సైన్సంతా ఆ పెరట్లో ఆవిరైపోయింది. చిన్నప్పుడు ఆ కథ చెప్పిన మా అవ్వ గొంతు ఒక్కటే మిగిలింది.

చెంబులో నుంచి పసుపు ముద్ద తీసి ఆ గుంతలో నిండా కూరాను. పైన మందంగా పట్టించాను. చీలమండకు దారం కట్టాను. వదిన వచ్చి చూసేసరికి రెండు పాదాలూ ఒకే రంగులో ఉన్నాయి. కళ్లకద్దుకుంది.

ఆ మూడు వారాలు ఎట్లా గడిచాయో ఇప్పుడు చెప్పలేను. రోజు మార్చి రోజు ఎదురింటి ఫోనుకు చేసేదాన్ని. మానుతోంది అనేవాడు. మానిపోయింది అన్నాడు ఒకరోజు. అది అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. క్లాసులో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఒకరోజు జీవశాస్త్రం ప్రశ్నపత్రంలో పుండు ఎందుకు మానదో వివరించమని నేనే ఇచ్చిన ప్రశ్నకు నలభై జవాబులు దిద్దాను. ఒక్కరు కూడా తప్పు రాయలేదు.

బెంగళూరులో నడక రోజు ఇంకా మంచు విడవకముందే మైదానంలో వేలమంది చేరారు. అందరికీ ఒకేలాంటి తెల్ల బనియన్లు, రొమ్ముమీద అంకెలు. ఉత్తకాళ్ల మనిషి అన్న ఒక్కడే. పసుపు పూసిన పాదాలు చూసి కొందరు ఫొటోలు తీసుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆయన నోట్లో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. ఈల వేశారు, కదిలాం. అన్న చేతులు వెనక్కి కట్టుకుని పెనుకొండలో నడిచినట్టే నడిచాడు. దారిపక్క పిల్లలు చప్పట్లు కొడుతుంటే సిగ్గుపడి తల దించుకున్నాడు.

తొమ్మిదో కిలోమీటరు దాకా రోడ్డు మీద ఏమీ లేదు. తర్వాత ఒక గోధుమరంగు మరక. కొంత దూరానికి ఇంకొకటి. అన్నీ కుడికాలివే. పన్నెండు దాటాక అవి ఎర్రబడ్డాయి. అన్నకు తెలియదు, వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. దారి పొడవునా బల్లలు వేసుకుని డాక్టర్లు, నర్సులు కూర్చుని ఉన్నారు. ఎవరికైనా ఆ మరకలు కనబడితే ఆపేస్తారు. నేను అన్న వెనకే, అడుగు దూరంలో నడిచాను. పడిన ప్రతి మరక మీదా కాలు పెట్టి, నా కాన్వాసు బూటుతో రుద్దుకుంటూ నడిచాను. ఆపితే మొక్కు ఆగిపోతుందనే భయం కంటే, అడిగితే ఏం చెప్పాలనే భయమే అప్పటికి ఎక్కువైంది. మిగిలిన తొమ్మిది కిలోమీటర్లూ అట్లాగే నడిచాను. అన్న గీత దాటాడు. ఎవరో పతకం మెడలో వేశారు. ఆయన ఆకాశం వైపు చూసి దండం పెట్టి, నా వైపు తిరిగి, అయిపాయమ్మా అన్నాడు. అంత తేలికైన ముఖం ఆయనకు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

నాలుగో రోజు చలిజ్వరం వచ్చింది. ఐదో రోజుకు పాదం నల్లబడింది. నేను ధర్మవరం చేరేసరికి పిక్క దాకా వాచి ఉంది, మాట తడబడుతోంది. జీపులో అనంతపురం తీసుకుపోయాం. డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని, కాలు కడిగి, చాలాసేపు చూశాడు. మోకాలి కింద తీసెయ్యాలి, రేపటిదాకా కూడా ఆగడానికి లేదన్నాడు. ఈ పుండు మొదట ఎప్పుడు చూశారని అడిగాడు. నేను నోరు తెరిచాను. మంచం మీద నుంచి అన్న నాకంటే ముందు పలికాడు.

"నిన్ననే సార్. ఎవురూ సూల్లేదు. అరికాలు ఎవురు సూస్తారు?"

ఒక నెల ముందు తెచ్చుంటే వేలితో పోయేదని డాక్టరు చెప్పి బయటికి వెళ్లిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఊరికే అనలేదు.

అన్న బతికాడు. తర్వాత మగ్గం గుంతలోకి దిగలేకపోయాడు. ఒంటికాలితో కట్టెలు తొక్కడం కుదరదు. ఇంట్లో కూర్చుని పట్టుదారం కండెలకు చుడతాడు, మగ్గం మీద ఇప్పుడు వదిన కూర్చుంటుంది. పాప బాగుంది, బడిలో పరుగుపందేల్లో గెలిచేది. మొక్కు తీర్చబట్టే పిల్ల బాగుందని వీధిలో అంటారు. కాదని చెప్పే నోరు నాకు లేదు.

కాలు తీసిన మరునాడు ఆసుపత్రి మెట్ల మీద నేనూ వదినా కూర్చున్నాం. ఆమె రెండు రోజులుగా ఏమీ తినలేదు. నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, తన తప్పే అని మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే చాప మీద పడుకుని మొగుని అరికాలు చూసుకోలేని ఆడది ఉంటుందా అని ఏడ్చింది. రోజూ కాళ్లకు పసుపు రాసుకుంటుంటే మురిసిపోయానే గానీ అడగలేదంది. మాత్రలు మాన్పించింది తనే అంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నేను సదువు లేనిదాన్ని. నువ్వు సూసింటే చెప్పేదానివి గదమ్మా?"

"చెప్పేదాన్ని వదినా," అన్నాను.

ఆమె నమ్మింది.